రోజంతా మోసే తుపాకీ: ఒక పాత ఫాక్స్‌తో ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ మొదటి వారం: ఇంటికి వచ్చింది

ఫాక్స్ అనే పాత అమెరికన్ కంపెనీ చేసిన స్టెర్లింగ్‌వర్త్ రకం వేట తుపాకీ. 16 గేజ్ (గేజ్ అంటే గొట్టం లావుకు కొలత), పక్కపక్కనే రెండు గొట్టాలు, పొడవు 26 అంగుళాలు, రెండు ట్రిగ్గర్లు. బరువు 6 పౌన్ల 6 ఔన్సులు, అంటే దాదాపు 2.9 కిలోలు. గొట్టం మీద ఫిలడెల్ఫియా అని ఉంది. 1930 ప్రాంతంలో సావేజ్ కంపెనీ ఫాక్స్‌ను కొనేసి తయారీని న్యూయార్క్ రాష్ట్రంలోని యూటికాకు తరలించింది కాబట్టి, ఇది చాలావరకు అంతకు ముందుదే అనుకోవచ్చు. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఆఫ్రికా వేటకు పట్టుకెళ్ళిన వాటిలోనూ ఒక ఫాక్స్ ఉంది. ఆయనది ఒళ్ళంతా నగిషీ ఉన్న ఖరీదైన రకం. నాది సామాన్యుల కోసం చేసిన చవక రకం. నగిషీ లేదు, బంగారం లేదు, చెక్క కూడా సాదా వాల్‌నట్. లోపలి యంత్రాంగం మాత్రం రెండింటికీ ఒకటే. నేను డబ్బు పెట్టింది దానికే.

ఎందుకు ఈ పని పెట్టుకున్నానంటే, మినెసోటా ఉత్తరాన ఆస్పెన్ అడవుల్లో రఫ్డ్ గ్రౌస్ అనే పిట్ట కోసం తిరిగేవాడికి తుపాకీతో ఉండే పనిలో తొంభై తొమ్మిది పాళ్ళు దాన్ని మోయడమే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడవాలి. పిట్ట లేచి చెట్ల మధ్య మాయమవడానికి రెండు సెకన్లు చాలు. పోయిన సీజనంతా ఒక మిత్రుడి దగ్గర అరువు తెచ్చిన 12 గేజ్ మోశాను. గొట్టం మీద గొట్టం ఉండే కొత్త రకం, ఎనిమిది పౌన్లు. సాధనకు గాల్లోకి విసిరే మట్టి పళ్ళేలు కొట్టడానికి దానికి వంక పెట్టలేం. అడవిలో మాత్రం మధ్యాహ్నానికి దాని మూతి నేలచూపులు చూడడం మొదలుపెడుతుంది. సరిగ్గా అప్పుడే పిట్ట లేస్తుంది.

కాబట్టి రెండే నియమాలు పెట్టుకున్నాను. సాయంత్రం వరకు రెండు చేతులతో ఛాతీకి అడ్డంగా పట్టుకుని నడిచినా భుజాలు పట్టేయకూడదు. తుపాకీకి నేను చేసే ఏ మార్పునైనా తర్వాతివాడు వెనక్కి తీసుకోగలగాలి. కోయడం, గీకడం, రంధ్రాలు వేయడం నిషిద్ధం.

ఇక్కడే ఒక సంగతి చెప్పేస్తే మంచిది, ఎందుకంటే తెలుగువాళ్ళు ముందు అడిగేది అదే. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం అంటుంది. రాష్ట్రం ఇచ్చే వేట లైసెన్సు ఉండడం వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. నేను పౌరసత్వం వచ్చాకే ఈ జోలికి వచ్చాను. మినెసోటాలో 1979 తర్వాత పుట్టినవాళ్ళు వేట లైసెన్సు తీసుకోవాలంటే ముందు తుపాకీ భద్రత కోర్సు పూర్తి చేసి ఉండాలి. మన దేశం సంగతి వేరు: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ కలిసి వినోద వేటకు పూర్తిగా తలుపు మూసేశాయి. మూయవలసిన పరిస్థితి కూడా ఉంది. ఇక్కడ గ్రౌస్ సంఖ్య సుమారు పదేళ్ళ చక్రంలో పెరిగి తరిగినా జాతికి ముప్పేమీ లేదు. రోజుకు ఐదుకు మించి కొట్టకూడదన్న హద్దు ఉంది. నాకు ఆ హద్దు దరిదాపుల్లోకి వెళ్ళే అవసరం ఎప్పుడూ రాలేదనుకోండి.

ఏప్రిల్ చివర: గొట్టాల పరీక్ష

పాత జంట తుపాకీ కొన్నవాడు ముందు చూడవలసింది చెక్క అందం కాదు. గొట్టాలను విడదీసి, కింది కొక్కేన్ని వేలికి తగిలించి గాల్లో వేలాడదీశాను. గరిటె కాడతో తట్టాను. ఖంగుమని మోగి, ఆ నాదం కాసేపు నిలిచింది. రెండు గొట్టాలనూ కలిపే పట్టీల టంకం ఎక్కడైనా వదిలి ఉంటే ఆ మోత రాదు. చచ్చు శబ్దమో, జివ్వుమనే రొదో వస్తుంది. తర్వాత గొట్టాలను మళ్ళీ తగిలించి, వాటి కింద ఉండే ముందు చెక్క లేకుండానే తుపాకీని మూసి పట్టుకుని ఊపాను. కీలు దగ్గర కదలిక లేదు. ఫాక్స్‌లో మూత బిగించేది పైన తిరిగే బోల్టు. అరిగేకొద్దీ అది ఇంకొంచెం ముందుకు తిరిగి పట్టు తెచ్చుకుంటుంది. అందుకే తుపాకీని తెరిచే పై మీట ఎటు ఆగిందో చూస్తే అరుగుదల తెలిసిపోతుంది. నడిమికి కుడివైపు ఆగితే ఇంకా జీవం ఉన్నట్టు, ఎడమకు దాటితే బాగా వాడినట్టు. నాది కుడివైపే ఉంది.

మిగతాది తుపాకీ మెకానిక్ పని. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో 1813 నుంచి ప్రూఫ్ హౌస్ ఉంది. అక్కడ ప్రతి తుపాకీనీ ఎక్కువ మందుతో పేల్చి చూసి ముద్ర కొట్టాలని చట్టం. అమెరికాలో అలాంటి చట్టం లేదు. కాబట్టి నా గొట్టాల మీద చదువుకోవడానికి సర్కారు ముద్ర ఏమీ లేదు, కొలుచుకోవలసిందే. మెకానిక్ తన కొలత పరికరాన్ని లోపలికి పెట్టి గొట్టం పొడవునా గోడ మందం చూశాడు. అన్నిటికంటే పలచగా ఉన్నచోట 0.030 అంగుళం. 0.020కి దిగితే పని అయిపోయినట్టేనని ఈ వృత్తిలో వాడుక మాట. నాకు కావలసినంత వెసులుబాటు ఉంది. కుడి గొట్టానికి చోక్, అంటే మూతి దగ్గరి ఇరుకు, దాదాపు లేదు, ఎడమది నడిరకం. దట్టమైన అడవికి సరిగ్గా అదే కావాలి.

తూటా గది పొడవు 2 7/16 అంగుళాలు. ఇదే అసలు మెలిక. ఇప్పుడు దుకాణంలో దొరికే 16 గేజ్ తూటా పేలి విచ్చుకుంటే 2¾ అంగుళాలు ఉంటుంది. పేలకముందు చిన్న గదిలోనూ చక్కగా కూర్చుంటుంది, అందుకే మోసం. పేలినప్పుడు దాని మూతి గది దాటి సన్నబడే చోట విచ్చుకుని దారిని ఇరుకు చేస్తుంది, పీడనం పెరుగుతుంది. గదిని లోపల తొలిచి పొడిగించేవాళ్ళు ఉన్నారు. పొడిగిస్తే గోడ పలచబడేది పీడనం అన్నిటికంటే ఎక్కువగా ఉండే చోట. పైగా తొలిచిన లోహం తిరిగి రాదు, నా రెండో నియమం ఒప్పుకోదు. పాత తుపాకుల కోసమే తక్కువ పీడనంతో చేసే 2½ అంగుళాల తూటాలు తెప్పించుకున్నాను. ఖరీదు ఎక్కువే. కానీ ఏడాదికి నేను కాల్చేది ఎంతని?

పీడనం లెక్క కూడా చూసుకోండి. 1926లో ఏర్పడిన సామీ అనే తయారీదారుల సంస్థ ప్రమాణం ప్రకారం ఇవాళ్టి 16 గేజ్ తూటా చదరపు అంగుళానికి 11,500 పౌన్ల వరకు వెళ్ళవచ్చు. వందేళ్ళ కిందటి ఉక్కునూ, అంతకంటే ముఖ్యంగా వందేళ్ళ కిందటి చెక్కనూ ప్రతిసారీ అంత దూరం తీసుకెళ్ళాల్సిన పనేముంది?

మే: చెక్క

యంత్రం వెనుక, చెక్క మెడ మొదలయ్యే చోట నల్లగా మెత్తబడి ఉంది. తరాలుగా ఎవరెవరో యంత్రంలోకి నూనె ఒలికించి తుపాకీని మూతి పైకి పెట్టి నిలబెడుతూ వచ్చారు. నూనె నెమ్మదిగా దిగి చెక్క తలను నానబెట్టింది. నానిన చెక్క ప్రతి దెబ్బకూ కొంచెం నలుగుతుంది, తర్వాత చీలుతుంది. నాదానికి వెంట్రుకవాసి చీలిక ఒకటి వచ్చేసింది. ఎల్.సి. స్మిత్ అనే మరో పాత అమెరికన్ రకం తుపాకులకు పక్క పలకల వెనుక ఈ జబ్బు మరీ ఎక్కువ. ఫాక్స్ కొంత నయం.

నూనె తీయడానికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు. సుద్దపొడిని అసిటోన్‌తో కలిపి ముద్దలా చేసి చెక్క తలకు పట్టించాలి. అసిటోన్ ఆవిరవుతూ లోపలి నూనెను పైకి లాగుతుంది. తెల్లగా పెట్టిన సుద్ద కాసేపటికి అంచుల దగ్గర పసుపు తిరిగింది, తర్వాత ఎరుపు కలిసిన గోధుమ రంగు. దులిపేసి మళ్ళీ కొత్తది పెట్టాను. ఇలా కొన్ని వారాంతాలు గరాజు బయట, గాలి ఆడేచోట సాగింది. చివరికి సుద్ద తెల్లగానే ఉండిపోవడం మొదలయ్యాక ఆపాను. చీలికలోకి మెకానిక్ ఎపాక్సీ జిగురు దింపి బిగించాడు. యంత్రం ఆనుకునే చోట పలచటి పొర వేసి ఖాళీ లేకుండా కూర్చోబెట్టాడు. ఆ రోజు నుంచి తుపాకీ బీరువాలో మూతి కిందకే నిలబడుతోంది.

పైపూతకు అవిసె నూనె, ఉడికించిన రకం. రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని చెక్క వెచ్చబడేదాకా రుద్దడం, మర్నాటి దాకా వదిలేయడం. మెరిసే వార్నిష్ నాకు నచ్చదు. తడి చేతిలో జారుతుంది, గీత పడితే దాచుకోలేదు. ఒక హెచ్చరిక: అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి, విడివిడిగా పరిచి ఆరబెట్టి, తర్వాతే పారేయాలి.

జూన్: బరువు ఎక్కడ ఉంది?

ఈ నెల పని మీదే నాకు మక్కువ. తుపాకీ బరువు ఎంత అని అందరూ అడుగుతారు. ఎక్కడ ఉంది అని అడిగేవాళ్ళు తక్కువ.

తుపాకీ పట్టుకుని మా వీధిలో నడిస్తే పోలీసులు వస్తారు కాబట్టి ఒక డమ్మీ చేశాను. తుపాకీ అంత పొడవు కర్ర, దాని మీద అటూ ఇటూ జరిపి బిగించుకోగల ఇనుప కడియాలు. మొత్తం తూకం తుపాకీతో సమానం. దాన్ని పట్టుకుని చెరువు చుట్టూ నడక. మొదట కడియాలు రెండు కొసలకు జరిపాను. తర్వాత రెండు చేతుల మధ్యకు తెచ్చాను. తరాజులో రెండూ ఒకటే. చేతుల్లో రెండు వేర్వేరు వస్తువులు. కొసల్లో బరువు ఉన్నప్పుడు ఊరికే నిటారుగా నడిస్తే తేడా తెలియదు. ఒంగి కొమ్మ కింద దూరినప్పుడు, పక్కకు తిరిగినప్పుడు, కాలు జారి సర్దుకున్నప్పుడు కర్ర తన దారిన తాను పోవాలని చూస్తుంది. మణికట్టు దాన్ని ఆపాలి, తిప్పాలి, మళ్ళీ ఆపాలి. అలసట అంతా అక్కడే పుడుతోంది. అడవిలో నిటారు నడక ఎంతసేపు దొరుకుతుంది? బరువు మధ్యకు వచ్చాక అదే కర్ర చెప్పిన మాట విన్నది.

ఇప్పుడు అసలు తుపాకీ. గుండ్రటి కర్రముక్క మీద ఆడించి చూస్తే తూకపు బిందువు కీలు పిన్నుకు అంగుళం వెనక్కి ఉంది. 26 అంగుళాల గొట్టాలున్నా ఇంత వెనక్కి ఎందుకు ఉండాలో అర్థం కాలేదు. భుజానికి ఆనే చెక్క కొసను మడమ అంటారు; దాని మీది నల్ల రబ్బరు పలక మరలు విప్పాను. లోపల చెక్కలో వేలు పట్టేంత రంధ్రం. దాంట్లో పొడుగాటి సీసపు ముద్ద, గలగలలాడకుండా చుట్టూ కుక్కిన గుడ్డ పీలికలు. పీలికల మీద చిన్న నీలం గళ్ళు ఇంకా కనిపిస్తున్నాయి, ఎవరిదో చొక్కా. వెనక్కి తన్నే దెబ్బ తగ్గుతుందని ఎప్పుడో ఎవరో పెట్టుకుని ఉంటారు. ముద్ద తూకం 5 ఔన్సులు. తీసేస్తే తుపాకీ 6 పౌన్ల 1 ఔన్సు అయింది, తూకపు బిందువు కీలు పిన్ను మీదికి నడిచి వచ్చింది. ముద్దనూ పీలికలనూ ఒక డబ్బాలో పెట్టి చీటీ రాశాను. తర్వాతివాడికి కావాలంటే ఉంటాయి.

దెబ్బ సంగతి? పాత ఇంగ్లీషు తుపాకీ పనివాళ్ళ లెక్క ఒకటి ఉంది. తుపాకీ బరువు అది విసిరే సీసపు గుళ్ళ బరువుకు 96 రెట్లు ఉంటే భుజం ఓర్చుకుంటుంది. ఒక ఔన్సు గుళ్ళకు 6 పౌన్లు. నేను వాడేది 7/8 ఔన్సు, దానికి 5¼ పౌన్లు చాలు. అంటే సీసపు ముద్ద ఇన్నాళ్ళూ ఊరికే బండెక్కి తిరిగింది.

జూలై: మామయ్యగారి చేతిలో

మామయ్యగారు ప్రకాశం జిల్లా నుంచి వచ్చారు. ఆయనకు ఒకప్పుడు అడవిపందుల నుంచి చేను కాపాడుకోవడానికి లైసెన్సు తుపాకీ ఉండేది, 12 బోరు డబుల్ బ్యారెల్. ఎన్నికలు వచ్చినప్పుడల్లా పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకోవడం, అయ్యాక మళ్ళీ వెళ్ళి తెచ్చుకోవడం. పందుల మీద కంటే ఆ తిరుగుడుకే ఎక్కువ ఓపిక ఖర్చయిందని ఆయన అంటుంటారు.

చేతికి ఇవ్వగానే ముందు తెరిచి రెండు గదులూ ఖాళీయో కాదో చూశారు. మూసి, కిటికీ బయట చెట్టు మీదికి ఎత్తారు. దించారు. మళ్ళీ ఎత్తారు.

"మా దాని ముందు ఇది పూచికపుల్లండీ అల్లుడుగారూ. కానీ చెంపకు చెక్క అందడం లేదే."

"మీకేనా మామయ్యా, నాకూ అంతే. మెడ సాగదీసి కిందకు వెతుక్కోవాలి."

"మరి వెతుక్కునేలోపు పిట్ట ఉంటుందా?"

ఆయన పట్టుకున్నది సరైన చోటే. చూపు గీత నుంచి మడమ పై అంచు ఎంత కిందకు ఉందో కొలిస్తే 2⅞ అంగుళాలు వచ్చింది. ఆ కాలపు అమెరికన్ తుపాకులు చాలావరకు ఇలాగే మడమ బాగా కిందకు వాలి ఉంటాయి. ఆనాటి వేటగాళ్ళు తల నిటారుగా పెట్టి కాల్చేవాళ్ళు. ఇవాళ్టి అలవాటుకు 2½ చుట్టుపక్కల కావాలి. దీనికీ తుపాకీ మోయడానికీ సంబంధం ఉందా అంటే ఉంది. ఎత్తగానే చెంపకు ఆనే తుపాకీని నిబ్బరంగా దించుకుని నడవచ్చు. ఆనదని తెలిసిన తుపాకీని సగం ఎత్తి పట్టుకునే నడుస్తాం, ఆ సగం ఎత్తు సాయంత్రానికి వడ్డీతో సహా వసూలవుతుంది.

చెక్క వంచడం మెకానిక్‌కు అప్పగించాను. చెక్కను చట్రంలో బిగించి, మెడ చుట్టూ వేడి అవిసె నూనెలో తడిపిన గుడ్డ చుట్టి, దీపం వేడి పెడతారు. వాల్‌నట్ లోపలిదాకా వేడెక్కి పట్టు సడలాక మర తిప్పుతూ మడమను కొద్దికొద్దిగా లేపుతారు. అలాగే రాత్రంతా చల్లారనిస్తారు. కొంచెం వెనక్కి పోతుంది కాబట్టి కావలసిన దానికంటే కొంచెం ఎక్కువే వంచుతారు. నూనె తీసి, చీలిక అతికించాక కాబట్టి ధైర్యం చేశాం. తిరిగొచ్చాక కొలిస్తే 2 9/16. చాలు. దీన్ని కూడా ఎవరైనా మళ్ళీ కిందకు వంచుకోవచ్చు, నియమం తప్పలేదు.

ఆగస్టు: తోళ్ళు

మట్టి పళ్ళేల మీద సాధన మొదలైంది. పళ్ళేలు పగులుతున్నాయి, ఆ గోల వదిలేద్దాం. రెండు ఇబ్బందులు బయటపడ్డాయి. పేలినప్పుడల్లా ట్రిగ్గర్ గార్డు వెనుక అంచు నడివేలి కణుపును తంతోంది. ఇది చెక్క పొట్టిగా ఉన్నదానికి గుర్తు: ట్రిగ్గర్ నుంచి మడమ దాకా 13¾ అంగుళాలు, నాకు ఇంకో అర అంగుళం కావాలి. రెండోది, ముందు చెక్క సన్నటి చీలికంత ఉంటుంది, దాని ఉద్దేశం గొట్టాలను యంత్రానికి బిగించడమే తప్ప చెయ్యి పెట్టుకోవడం కాదు. ఎడమచేతి వేళ్ళు ఎలాగూ గొట్టాల మీదే ఉంటాయి. ఎండలో ఆ గొట్టాలు కాలుస్తాయి, నవంబరులో చలితో కొరుకుతాయి.

రబ్బరు ప్యాడ్ వేయించుకోమని చాలామంది సలహా. దానికి మడమ కోయాలి, కోయను. మడమకు తొడిగి తాళ్ళతో బిగించే తోలు తొడుగు తీసుకున్నాను, లోపల పలచటి ప్యాడ్. అర అంగుళం వచ్చింది, కణుపు బతికింది. గొట్టాలకు కింద నుంచి తొడిగే తోలు కవచం ఇంకొకటి, ఇంగ్లీషువాళ్ళ పాత వాడకం. వెనుక తొడుగు 3 ఔన్సులు, ముందు కవచం 2 ఔన్సులు. కూడితే తుపాకీ మళ్ళీ 6 పౌన్ల 6 ఔన్సులు! ఏప్రిల్‌లో ఎంత ఉందో అంత. తూకపు బిందువు మాత్రం కీలు పిన్ను దగ్గర నుంచి కదలలేదు. తేలికపాటి తుపాకుల కోసం వేలకు వేలు పోసేవాళ్ళకు ఈ సంగతి చెబితే నమ్మరు, చేతికి ఇస్తే నమ్ముతారు.

భుజానికి వేసుకునే తోలు పట్టీ కూడా చూశాను. రంధ్రాలు అక్కర్లేకుండా రెండు కొసలా ఉచ్చులు వేసి తగిలించుకునే రకం. పొదల్లో ప్రతి కొమ్మకూ దండ వేసినట్టు తగులుకుంటుంది. వేటయ్యాక దుంగల బండ్లు తిరిగే పాత బాట మీద కారు దాకా నడిచేటప్పుడు మాత్రం హాయి. మడిచి జేబులో వేసుకోవాలి, అంతే.

సెప్టెంబరు: ఆకులు

సీజన్ తెరిచారు. 169 హైవే మీద గ్రాండ్ ర్యాపిడ్స్ దాకా, అక్కడి నుంచి చిప్పెవా నేషనల్ ఫారెస్టు. నాతో వచ్చేది ఆఫీసులో రిటైరైన పెద్దాయన, ఆయన బ్రిటనీ జాతి వేటకుక్క. గ్రౌస్‌కు ముదురు అడవి పనికిరాదు. నరికాక మళ్ళీ ఒత్తుగా లేచిన లేత ఆస్పెన్ కావాలి, మనిషి భుజాలు అడ్డంగా పట్టనంత ఒత్తుగా. పైన డేగలకు కనబడదు, కింద నడిచేందుకు వీలు. మనకు మాత్రం వీలుండదు.

ఈ నెలంతా పిట్టలను వినడమే, చూడడం లేదు. బుర్రుమని రెక్కల మోత, ఊగుతున్న ఆకులు. తుపాకీని మోసి చూడడానికి మాత్రం ఇంతకంటే మంచి నెల లేదు. ఛాతీకి అడ్డంగా పట్టుకుని మూతితో కొమ్మలను తోసుకుంటూ పోవచ్చు. పొట్టి గొట్టాల లాభం ఇక్కడే. కూలిన చెట్టు దాటాలన్నా, పెద్దాయన దగ్గరకు వెళ్ళి మాట్లాడాలన్నా తుపాకీ తెరిచి, తూటాలు తీసి, మోచేతి మడతలో వేలాడదీస్తాను. తెరిచి ఉన్న తుపాకీ ఎవరికీ హాని చేయదని ఇరవై అడుగుల దూరం నుంచే కనిపిస్తుంది. జంట తుపాకీకి నేను వేసే మొదటి ఓటు అందుకే. మళ్ళీ మూయగానే సేఫ్టీ దానంతట అదే వెనక్కి వచ్చి ఉంటుంది. అయినా బొటనవేలితో తడిమి చూసుకుంటాను.

మోసే బరువులో తుపాకీ ఒక్కటే కాదు. తూటా ఒక్కొక్కటి 35 గ్రాముల పైన. పెట్టెడు జేబుల్లో పోసుకుంటే దాదాపు కిలో, అదీ తుంటి మీద కొడుతూ. కుడి జేబులో నాలుగు, ఎడమ జేబులో నాలుగు, చాలు. అంతకు మించి కావలసి వచ్చిన రోజు రానివ్వండి, చూద్దాం.

అక్టోబరు: ఆకులు రాలాక

టామరాక్ చెట్లు బంగారు రంగు తిరిగాయి, ఆస్పెన్ బోసిపోయింది. కుక్క మెడలో గంట ఆగింది, అంటే పిట్ట దగ్గర నిలబడిపోయింది. పెద్దాయన ఎడమ నుంచి, నేను కుడి నుంచి. పిట్ట నాకూ బాటకూ మధ్య లేచి ఎడమకు వాలుగా పోయింది. నేను ఎత్తిన సంగతి నాకు గుర్తులేదు. చెంపకు చెక్క తగలడం గుర్తుంది, ముందు ట్రిగ్గర్ గుర్తుంది. మామయ్యగారు విని సంతోషించారు.

బూడిదరంగు మగ పిట్ట. తోక చివరి నల్ల పట్టీ ఎక్కడా తెగకుండా ఉంది. గొంతు సంచి విప్పితే నిండా క్లోవర్ ఆకులు, ముడతలు కూడా పడకుండా పచ్చగా, మధ్యలో ఎర్రటి పళ్ళు కొన్ని. అది చూశాక మధ్యాహ్నమంతా క్లోవర్ మొలిచిన బాటల అంచులు పట్టుకునే నడిచాం. గొంతు సంచి చూడకుండా పిట్టను సంచిలో వేసుకునేవాళ్ళు ఉచితంగా వచ్చిన సమాచారాన్ని పారేస్తున్నట్టే.

వంట ఇంట్లో జరిగింది. గ్రౌస్ రొమ్ము మాంసం తెల్లగా, కొవ్వు లేకుండా ఉంటుంది. ఎక్కువసేపు మంట మీద ఉంచితే పీచు. ఉల్లిపాయ, అల్లం, మిరియాలు ముందే వేగనిచ్చి మాంసం చివర్లో వేయాలి. ఫోనులో మామయ్యగారు మసాలా వేశారా అని అడిగారు. వేయలేదు. క్లోవర్, పళ్ళు తిని పెరిగిన మాంసానికి సొంత రుచి ఉంది, దాని మీద లవంగాలు కుమ్మరించడం అన్యాయం.

నవంబరు: పశ్చిమం వైపు

జింకల తుపాకీ సీజన్ తెరిచాక ఉత్తర అడవుల్లోకి వెళ్ళలేదు. మిగతా వేటగాళ్ళకు కనబడేలా నారింజ రంగు చొక్కా ఎంత వేసుకున్నా సరే. ఆ వారాల్లో పశ్చిమ మినెసోటా గడ్డి నేలల్లో ఫెజెంట్లనే పిట్టల కోసం తిరిగాను. అక్కడ ఫెడరల్ వాళ్ళు నీటిపక్షుల కోసం కాపాడే భూముల్లో సీసం నిషిద్ధం. ఉక్కు గుళ్ళు పాత మెత్తని గొట్టాలను, ముఖ్యంగా చోక్‌ను పాడుచేస్తాయి. మిగిలేది బిస్మత్ అనే లోహం. ఘన సెంటీమీటరుకు సీసం 11.3 గ్రాములు, బిస్మత్ 9.6 దాకా, ఉక్కు 7.8. సీసానికి దగ్గరగా ఉంటుంది, మెత్తగా ఉంటుంది, పర్సును మాత్రం ఖాళీ చేస్తుంది. పొట్టి తూటాల్లోనే తీసుకున్నాను.

తుపాకీ గురించి నిజం చెప్పాలంటే, ఇది గడ్డి నేలల తుపాకీ కాదు. ఫెజెంట్ దూరంగా లేస్తుంది, గాలి వాటంగా పోతుంది, కుడి గొట్టం దాన్ని చేరదు. మొదట ఎడమ గొట్టం పేల్చే వెనుక ట్రిగ్గర్, తర్వాత ముందున్నది అన్న క్రమానికి వేలిని అలవాటు చేయాల్సి వచ్చింది. ఏ గొట్టం ముందు పేలాలో ఆ క్షణంలో ఎంచుకోగలగడం రెండు ట్రిగ్గర్ల సౌకర్యం. పలచటి తోలు గ్లవ్స్‌తో కూడా కుదిరింది. ఉన్నివైతే కుదరలేదు. తోలు కవచం లేకపోతే చలికి ఎడమచెయ్యి పనిచేసేది కాదు. మోయడంలో మాత్రం ఇక్కడా పేరు పెట్టడానికి లేదు. చదును నేల మీద గాలికి ఎదురు నడిచి వచ్చినా సాయంత్రం భుజాల్లో నొప్పి లేదు, ఉన్నదంతా కాళ్ళలోనే.

చలికాలం పనులు

గ్రౌస్ సీజన్ ముగిసేసరికి కొత్త సంవత్సరం వస్తుంది. ఆలోపు మంచు తక్కువగా ఉంటే ఒకసారి ఉత్తరానికి పోవాలని ఉంది. ఆ తర్వాత తుపాకీ మెకానిక్ దగ్గరకు వెళ్తుంది. వెనుక ట్రిగ్గర్ లాగుడు ఆరు పౌన్లు దాటుతోంది, నాలుగున్నరకు దించమన్నాను. ముందు చెక్క కొక్కెం దగ్గర కొంచెం వదులు వచ్చింది. యంత్రం లోపలి పాత గ్రీజు గట్టిపడి ఉంటుంది, విప్పి కడగాలి. మడమ తొడుగు తాళ్ళు తడిసి సాగాయి, కొత్తవి వేయాలి. పని ఫిబ్రవరి చివరికి అవుతుందన్నాడు. కొలతలు మళ్ళీ తీసి ఇక్కడే రాస్తాను.